పాత రైఫిల్ స్కోపులు: అల్మారాలో పెట్టుకోవడానికా, రైఫిల్ మీద పెట్టుకోవడానికా?

పాతగాజు:

అందరికీ నమస్కారం. పాత స్కోపుల గురించి ఇక్కడా అక్కడా ముక్కలుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ సేకరించేవాళ్ళూ వాడేవాళ్ళూ ఒకేచోట కూర్చుని మాట్లాడుకున్నది లేదు, అందుకే ఈ థ్రెడ్. నా దగ్గర ఇప్పుడు రెండున్నాయి. ఒకటి వీవర్ కె4, ఉక్కు ట్యూబు, బయట నీలం పాలిష్ అంచుల దగ్గర అరిగింది, గాజు మాత్రం బాగానే కనిపిస్తోంది. రెండోది యూరప్‌లో తయారైంది, అదీ 4 రెట్లు పెద్దగా చూపించేదే, ట్యూబు కొలిస్తే 26.5 మిల్లీమీటర్లు వచ్చింది, లోపల మూడు లావు పోస్టుల రెటికిల్ (గురి పెట్టే గీతలు), జర్మన్ నంబర్ 1 అంటారే అది. రెండిట్లో ఏదీ అల్మారాలో పడి ఉండటం నాకిష్టం లేదు. గురి చూడటానికి చేసిన వస్తువు గురి చూడాలి, నా అభిప్రాయం అదే, కాదనేవాళ్ళు ఉంటే వాళ్ళ మాట కూడా వినాలనే రాస్తున్నా.

మూడు విషయాలు అడగాలి. కె4లోంచి చూస్తే క్రాస్‌హెయిర్ మధ్యలో లేదు, కుడివైపు కిందికి జరిగి ఉంది, పాడైనట్టా? యూరప్ దానికి స్కోపుని పట్టి ఉంచే మామూలు అంగుళం రింగులు పడతాయా? ఇంకోటి, లోపల గాజు నిజంగా బాగుందో లేదో విప్పకుండా ఎలా తెలుసుకోవాలి?

ఉక్కుగొట్టం:

పాడవలేదు బ్రదర్, కంగారు పడకు. ఆ కాలం స్కోపుల్లో చాలావాటికి డయల్ తిప్పితే రెటికిల్ ఒక్కటే జరుగుతుంది, జరిగిన సంగతి కంటికి కనపడుతుంది కూడా. ఇప్పటివాటిలో బొమ్మను నిటారుగా నిలబెట్టే లెన్సులూ రెటికిలూ ఒకే లోపలి గొట్టంలో ఉండి కలిసి కదులుతాయి కాబట్టి ఎంత తిప్పినా క్రాస్ మధ్యలోనే ఉన్నట్టు ఉంటుంది. నీ కె4ని ఎవరో ఎప్పుడో వంకరగా ఉన్న మౌంట్ మీద పెట్టి, ఆ వంకరంతా డయల్‌తో సర్దుకున్నారు. అందుకే మూలకి పోయింది.

దానికి చేయాల్సింది డయల్‌తో కాదు, మౌంట్‌తో. ముందు స్కోపుని రైఫిల్ మీద నుంచి దించి రెండు డయల్స్‌నీ తిప్పుతూ క్రాస్‌ని మధ్యకి తెచ్చుకో. తర్వాత రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసేసి, బారెల్ లోంచి దూరంగా ఉన్న ఒక గుర్తును చూడు, రైఫిల్‌ని అలాగే కదలకుండా ఉంచి స్కోపులో చూడు. పక్కకి తేడా ఉంటే వెనక బేస్‌కి (మౌంట్‌లో రైఫిల్‌కి బిగించే అడుగు ముక్కకి) రెండు పక్కలా స్క్రూలుండే రకం మౌంట్‌తో సర్దు. పైకీ కిందికీ తేడా ఉంటే బేస్ కింద పల్చటి షిమ్, అంటే ఎత్తు సర్దే రేకు ముక్క. చివర్లో మిగిలిన కాస్త తేడాకే డయల్ ముట్టుకోవాలి. ఆ తరం మౌంట్లకి పక్క స్క్రూలు ఎందుకు పెట్టారో స్కోపు లోపలి పని తెలిస్తే అర్థమవుతుంది. బాష్ అండ్ లోంబ్ వాళ్ళ బాల్‌వార్ 8 అయితే లోపల అడ్జస్ట్‌మెంటే పెట్టలేదు, పనంతా మౌంట్‌దే.

రింగుల సంగతి: వద్దు. అంగుళం అంటే 25.4. నీ ట్యూబు 26.5. ఒక మిల్లీమీటరు పైనే తేడా. స్క్రూలు పట్టేదాకా బిగిస్తే పాత ట్యూబు మీద రింగు అంచు గాడి పడిపోతుంది, ఆ నొక్కు ఇక పోదు. 26 మిల్లీమీటర్ల రింగులు కూడా దీనికి కాదు. 26.5కి చేసిన రింగులే వెతుకు.

క్లిక్కులలెక్క:

షిమ్ మాట వచ్చింది కాబట్టి లెక్క రాస్తున్నా, చాలామంది అంచనాతో పెట్టి మళ్ళీ మళ్ళీ విప్పుతుంటారు. రెండు బేసుల మధ్య దూరం 130 మిల్లీమీటర్లు అనుకోండి. వెనక బేస్ కింద 0.1 మిల్లీమీటరు షిమ్ పెడితే 100 మీటర్ల దగ్గర దెబ్బ దాదాపు 7.7 సెంటీమీటర్లు పైకి వెళ్తుంది. ముందు బేస్ కింద పెడితే అంతే కిందికి. సూత్రం పెద్దదేం కాదు, షిమ్ మందాన్ని బేసుల దూరంతో భాగించి టార్గెట్ దూరంతో గుణించడమే. ఇత్తడి రేకు మంచిది, మందం మైక్రోమీటర్‌తో చూసి కత్తిరించండి. కాగితం, అట్ట ముక్క, టేపు పెట్టకండి, రీకాయిల్‌కి (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి) నలిగి జీరో (సరిచేసుకున్న గురి) జారుతుంది.

కొత్తగురి:

నేను ఈ విషయానికి పూర్తిగా కొత్త, తప్పుగా అనుకోకండి. ఇప్పటి స్కోపు తక్కువరకంది కూడా వీటికన్నా వెలుతురుగా ఉంటుంది, క్లిక్కులు కచ్చితంగా పడతాయి, నీళ్ళు పోవు. మరి ఇంత కష్టపడి పాతవి ఎందుకు పెట్టుకోవాలి?

ఉక్కుగొట్టం:

అడగాల్సిన ప్రశ్నే. నిజం చెప్పాలంటే గాజులో, క్లిక్కుల్లో ఇప్పటివాటిదే పైచేయి, దాంట్లో వాదన లేదు. పాతవాటి బలం వేరేచోట ఉంది. 2.5 రెట్లు, 4 రెట్ల పాత స్కోపు సన్నగా ఉంటుంది, ముందు అద్దం దగ్గర గంట ఆకారంలో పెద్ద వెడల్పు భాగం ఉండదు, అందుకని బారెల్‌కి చాలా దగ్గరగా కూర్చుంటుంది. పాత రైఫిల్ బట్టు (భుజానికి ఆనే చెక్క) వంపు ఇనుప సైట్ల ఎత్తుకి తగ్గట్టు చేసింది కదా, దానిమీద ఎత్తైన కొత్త స్కోపు పెడితే చెంప గాల్లో ఉంటుంది. తక్కువ ఎత్తులో ఉన్న లైమన్ అలాస్కన్ లాంటిది పెట్టి చూడు, రైఫిల్ భుజానికెత్తేసరికి కన్ను అద్దం వెనకే ఉంటుంది. పైగా జూమ్ లేదు, కదిలే భాగాలు తక్కువ. ఒకసారి జీరో చేసి వదిలేస్తే చాలాకాలం అలాగే ఉంటుంది. డయల్ మాటిమాటికీ తిప్పి కాల్చే ఆటకి మాత్రం ఇవి పనికిరావు. గురి పట్టే చోటు మార్చి కాల్చేవాడికి ఇవి, క్లిక్కులు తిప్పేవాడికి కాదు.

నంబరుజత:

నమస్కారం పాతగాజు గారూ. మీ థ్రెడ్ మొదటి మాటకే నాకు అభ్యంతరం ఉంది, మర్యాదగానే చెప్తాను. పాత స్కోపులన్నీ ఒక గాటన కట్టకూడదు. వీవర్ కె4 లాంటివి యుద్ధం తర్వాత వేటగాళ్ళ కోసం పెద్ద సంఖ్యలో చేసినవి, హాయిగా వాడుకోండి. కానీ సైన్యంలో పనిచేసిన స్కోపుల దారి వేరు.

ఒక ఉదాహరణ చెప్తాను. బ్రిటిష్ నంబర్ 32 స్కోపు, 3 రెట్లు, మొదట బ్రెన్ గన్ కోసం అనుకున్నది, చివరికి నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్ మీదికి చేరింది. ఆ రైఫిల్‌కి స్కోపు జత చేశాక, స్కోపు నంబరుని బట్టు మెడ మీద అచ్చు కొట్టేవాళ్ళు, రైఫిల్ నంబరుని బ్రాకెట్ మీద వేసేవాళ్ళు. అంటే స్కోపు, బ్రాకెట్, రైఫిల్ మూడూ ఒకే కుటుంబం. ఎవరో స్కోపు ఒక్కటే విడదీసి ఇంకో రైఫిల్ మీద పెట్టుకుంటే ఆ జత పోయినట్టే, తర్వాత దొరకడం చాలా అరుదు. సోవియట్ పీయూ స్కోపు కూడా అంతే, అసలు స్నైపర్‌గా బయటికొచ్చిన మోసిన్ రైఫిల్ బారెల్ మొదట్లో స్కోపు నంబరు కనిపిస్తుంది. అలాంటి జత మీ చేతికొస్తే దయచేసి పాలిష్ పెట్టకండి, రంగు వేయకండి, నంబర్ల మీద గుడ్డతో కూడా గట్టిగా రుద్దకండి. అరుగుదల కూడా దాని చరిత్రలో భాగమే.

ఇంకో మాట. పాత స్కోపు పెట్టుకోవాలని పాత రైఫిల్ రిసీవర్‌కి (బోల్ట్ ఉండే ఉక్కు భాగానికి) కొత్తగా కన్నాలు వేసేవాళ్ళని చూస్తుంటాను. బాధేస్తుంది. స్కోపుని మార్చుకోవచ్చు, ఉక్కులో కన్నం పూడ్చలేం.

పాతగాజు:

నంబరుజత గారూ, కన్నాల విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. జతగా ఉన్నవాటిని విడదీయకూడదు, అదీ ఒప్పుకుంటాను. కానీ జతగా ఉన్న నంబర్ 4 (టి)ని కాల్చకూడదు అంటే మాత్రం ఒప్పుకోను. దాన్ని కాలిస్తేనే కదా ఆ స్కోపు డయల్ మీద గజాల అంకెలు ఎందుకలా చెక్కారో తెలిసేది.

నంబరుజత:

కాల్చవద్దు అనలేదండీ, మార్చవద్దు అంటున్నాను. లోపల గాజు గట్టిగా ఉందని తెలిశాక, మామూలు మందుగుండుతో, నెమ్మదిగా కాల్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

కొత్తగా సేకరించేవాళ్ళకి నా సలహా ఒకటే, అన్నీ కొనకండి, ఒక వరస పట్టుకోండి. టెలిస్కోపు సైటు చరిత్ర చాలా పొడుగు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ 1855 ప్రాంతంలోనే రైఫిల్ టెలిస్కోపులు చేశాడు, అవి బారెలంత పొడుగు గొట్టాలు. వియన్నాలో కాలెస్ 1898లో మొదలైంది. వీవర్ 1930లో 3-30 తెచ్చాక మామూలు వేటగాడి చేతికి కూడా స్కోపు అందింది, దాని తర్వాతి రూపమైన 330నే అమెరికా సైన్యం ఎం73బి1 అని పేరు పెట్టి ఎం1903ఏ4 స్నైపర్ రైఫిల్ మీద పెట్టింది. ఎం1 గరాండ్ స్నైపర్ల మీదికి వెళ్ళిన ఎం81, ఎం82 అసలు లైమన్ అలాస్కన్లే, ఒకదాంట్లో క్రాస్‌హెయిర్, రెండోదాంట్లో పోస్టు. ఇలా వేటగాడి స్కోపు సైన్యంలోకి వెళ్ళిన వరస ఒక్కటి తీసుకున్నా జీవితానికి సరిపోయే పని ఉంది.

తేదీలు తెలిస్తే మోసపోవడం కూడా తగ్గుతుంది. ల్యూపోల్డ్ వాళ్ళ డూప్లెక్స్ రెటికిల్, అదే బయట లావుగా మధ్యలో సన్నగా ఉండే తీగలది, 1962లో వచ్చింది. 1950ల నాటి ల్యూపోల్డ్, ఏ మార్పూ లేదు అని అమ్మే స్కోపులో అది కనిపిస్తే తర్వాత ఎవరో మార్పించారన్నమాట. వాడుకోవడానికి అది మంచిదే, సేకరణకి మాత్రం అసలుది కాదు.

అద్దాలపెట్టె:

పాతగాజు గారి మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. అది నా పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నేను పాత కెమెరా లెన్సులూ స్కోపులూ విప్పి శుభ్రం చేస్తుంటాను.

పగలు కిటికీ వైపు స్కోపు పెట్టి చూసి బాగుంది అనుకోకండి. వెలుతురు నేరుగా వస్తుంటే లోపలి లోపాలు కనపడవు. గది చీకటి చేసి, చిన్న టార్చిని కంటి వైపు అద్దం దగ్గర కాస్త ఏటవాలుగా పట్టుకుని, ముందు అద్దం లోంచి లోపలికి చూడండి. టార్చిని నెమ్మదిగా పక్కకి జరుపుతూ చూడాలి. అప్పుడు నాలుగు రకాలు కనిపించవచ్చు.

అద్దం అంచు నుంచి లోపలికి ఇంద్రధనుస్సు రంగుల్లో మచ్చ, ఒక్కోసారి చెట్టు కొమ్మల్లా, ఒక్కోసారి బుడగల్లా కనిపిస్తే అది బాల్సమ్ విడిపోవడం. పాత స్కోపుల్లో రెండు రకాల గాజుల్ని కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురుతో అతికించేవాళ్ళు, దాని వక్రీభవనం గాజుకి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి అతుకు కంటికి తెలియదు. ఏళ్ళ తరబడి వేడీ చలీ తిని అది ఎండి, పసుపు తిరిగి, అంచు నుంచి వదలడం మొదలవుతుంది. అంచున కొద్దిగా ఉంటే వాడుకోవచ్చు, మధ్యలోకి వస్తే గాజు విడదీసి మళ్ళీ అతికించాల్సిందే.

సన్నటి దారాల్లా పాకినట్టుంటే ఫంగస్. ఇది తొందరగా చూడాల్సిన విషయం, ఎందుకంటే అది వదిలే ఆమ్లం కోటింగ్‌నీ తర్వాత గాజునీ తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేసినా గుర్తు ఉండిపోతుంది. మొత్తం అద్దం మీద సమంగా పల్చటి మసక ఉంటే అది గ్రీజు ఆవిరి, డయల్స్‌కి పెట్టిన పాత గ్రీజు నుంచి వచ్చి గాజు మీద పేరుకుంటుంది, ఇది తేలిగ్గా పోతుంది, కొనేటప్పుడు దీనికి భయపడకండి. నాలుగోది ఏమిటంటే తుడిచిన గీతలు. మొదటి తరం కోటింగ్‌లు మెత్తగా ఉండేవి. చొక్కా అంచుతో తుడిచినవాళ్ళ పుణ్యమా అని చాలా స్కోపుల ముందు అద్దం అంతా సన్నటి గీతలే ఉంటాయి. వాటికి మందు లేదు.

మీరు శుభ్రం చేసుకోవాలంటే బయటి అద్దాలు మాత్రమే. ముందు గాలి ఊదండి, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే లెన్స్ ద్రవం ఒక చుక్క గుడ్డ మీద వేసి, గాజు మీద కాదు, మధ్య నుంచి బయటికి. గాజు మీద నేరుగా పోస్తే అంచు నుంచి లోపలికి దిగి అతుకుని పాడుచేస్తుంది. అమ్మోనియా ఉన్న కిటికీ అద్దాల ద్రవం దగ్గరికే తేవద్దు.

ఇంకో పరీక్ష అందరూ చేసుకోగలిగింది. అట్టపెట్టె రెండు పక్కలా ఒకే ఎత్తులో వి ఆకారంలో గాట్లు కోసి స్కోపుని వాటిలో పెట్టండి. దూరంగా ఒక గుర్తు మీద క్రాస్ పెట్టి, స్కోపుని అక్కడే గుండ్రంగా తిప్పండి. క్రాస్ ఆ గుర్తు చుట్టూ గుండ్రంగా తిరిగితే మధ్యలో లేనట్టు. డయల్స్‌తో సగం సగం తేడా తగ్గించుకుంటూ పోతే ఒకచోట అది కదలకుండా నిలుస్తుంది. ఉక్కుగొట్టం గారు చెప్పిన మధ్య అదే. కంటి అంచనా కన్నా ఇది నమ్మకం. ఎంత తిప్పినా నిలవకపోతే, లేదా డయల్ తిప్పుతుంటే క్రాస్ ఆగి ఆగి దూకుతుంటే, లోపల స్ప్రింగ్ అలసిపోయిందనో గ్రీజు గట్టిపడిందనో అర్థం.

కొత్తగురి:

అద్దాలపెట్టె గారూ, చాలా థ్యాంక్స్, ఇదంతా కాపీ చేసి పెట్టుకున్నా. పాతవి సాయంత్రం పూట మసకగా ఉంటాయని అందరూ అంటారు, అది వయసు వల్లా, అసలు మొదటినుంచీ అంతేనా?

క్లిక్కులలెక్క:

రెండూ. కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి దాదాపు 4 శాతం వెలుతురు వెనక్కి కొట్టేస్తుంది. స్కోపులో గాలికీ గాజుకీ మధ్య 10 ఉపరితలాలు ఉన్నాయనుకుంటే 0.96ని పదిసార్లు గుణించాలి, 66 శాతమే కంటికి చేరుతుంది. మిగిలింది వృథా పోవడమే కాదు, అందులో కొంత లోపలే తిరిగి బొమ్మని తెల్లగా చేస్తుంది. ఒక పొర కోటింగ్ ఉంటే నష్టం ఉపరితలానికి ఒకటిన్నర శాతం దగ్గరికి వస్తుంది, మొత్తం 86 శాతం. జర్మన్ కంపెనీ జైస్‌లో స్మాకులా అనే ఆయన 1935లో ఈ కోటింగ్‌కి పేటెంట్ తీసుకున్నాడు, అందుకే పాత జైస్ వస్తువుల మీద టి అక్షరం ఉంటే వెతికి కొంటారు.

కానీ దీనికి రెండో వైపు ఉంది. 4 రెట్లకి 32 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉంటే కంటికి వచ్చే వెలుతురు చక్రం 8 మిల్లీమీటర్లు. చీకట్లో కుర్రవాళ్ళ కంటిపాప 7 వరకు తెరుచుకుంటుంది, వయసు మీద పడ్డవాళ్ళది 5 దగ్గరే ఆగిపోవచ్చు. అంటే తక్కువ రెట్ల పాత స్కోపులో చక్రం కొరత లేదు, కన్ను కొంచెం అటూ ఇటూ ఉన్నా బొమ్మ పోదు. మూడు లావు పోస్టుల రెటికిల్ అలాంటి మసకలోనే పనికొస్తుంది, సన్నటి క్రాస్‌హెయిర్ కనపడని వెలుతురులో కూడా ఆ పోస్టు నల్లగా కనపడుతుంది. పాతగాజు గారి యూరప్ స్కోపు బలం అదే.

బెంచిరెస్ట్:

ఎవరూ బయటి అడ్జస్ట్‌మెంట్ స్కోపుల మాట ఎత్తలేదు! నా ప్రాణం అవే. జాన్ యునర్టల్ 1928లో అమెరికా వచ్చి, స్కోపులు చేసే ఫెకర్ దగ్గర పనిచేసి 1934లో సొంతంగా పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో మెరైన్లు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మీద పెట్టుకున్నది ఆయన 8 రెట్ల స్కోపే.

వీటిలో రెటికిల్ కదలదు. స్కోపు మొత్తం కదులుతుంది. వెనక మౌంట్‌లో రెండు మైక్రోమీటర్ డ్రమ్ములు, ఎదురుగా స్ప్రింగ్, మొత్తం గొట్టాన్నే పైకీ పక్కకీ నెడతాయి. కాబట్టి ఎప్పుడూ అద్దాల మధ్యలోంచే చూస్తాం, బొమ్మ అంచుల వంకర ఉండదు. క్లిక్కు పడే శబ్దం, వేలికి తగిలే ఆ మెట్టు, ఇప్పటి స్కోపుల్లో నాకు దొరకలేదు. రెండు బేసుల మధ్య 7.2 అంగుళాలు ఉంటేనే ఒక క్లిక్కు పావు మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక మినిట్) అవుతుంది, బేసులు దగ్గరగా ఉంటే క్లిక్కు పెద్దదవుతుంది.

క్లిక్కులలెక్క:

అవును, 6 అంగుళాల దూరంలో పెడితే అదే క్లిక్కు 0.3 మినిట్. పాత టార్గెట్ రైఫిల్ కొన్నప్పుడు బేసుల దూరం కొలిచి రాసుకోండి, లేకపోతే డ్రమ్ము మీది అంకెల్ని నమ్మి గందరగోళపడతారు.

బెంచిరెస్ట్:

సరిగ్గా చెప్పారు. ఇంకో ముఖ్యమైన సంగతి, రీకాయిల్‌కి రైఫిల్ వెనక్కి వస్తుంటే ఈ స్కోపు మౌంట్లలో జారి ముందుకి వెళ్తుంది. అలా చేసిందే అది. ప్రతి గుండు తర్వాత చేత్తో వెనక్కి లాగి ఆపుకి ఆనించాలి, తిరిగొచ్చే స్ప్రింగ్ ఉన్న రకమైతే అదే వస్తుంది. తెలియనివాళ్ళు జారకుండా మౌంట్ స్క్రూలు బిగించేస్తారు, అప్పుడు దెబ్బంతా స్కోపు మీదే పడి పాడవుతుంది. గొట్టం మీద సన్నగా నూనె రాసి శుభ్రంగా జారేలా ఉంచండి చాలు.

కొత్తగురి:

నా దగ్గర ఉన్నది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఒక్కటే. రీకాయిల్ తక్కువ కదా, దానిమీద ఒక పాత చిన్న స్కోపుతో మొదలుపెట్టనా?

ఉక్కుగొట్టం:

వద్దు తమ్ముడూ, ఇది చాలామంది అనుకునేదే కానీ వ్యవహారం తిరగబడి ఉంటుంది. మందుగుండు రైఫిల్ ఒకే దిక్కుకి, వెనక్కి తంతుంది, పాత స్కోపుల లోపలి బిగింపులన్నీ ఆ దెబ్బ తట్టుకునేలా చేసినవే. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే పిస్టన్ చివర కొట్టుకోగానే ముందుకి తంతుంది. ఆ ఎదురు దెబ్బకి రెటికిల్ తీగలు తెగడం, లెన్సు రింగులు వదులవడం జరుగుతాయి. పైగా రైఫిల్ స్కోపు పారలాక్స్ (కన్ను కదిలితే క్రాస్ గురి మీద జరిగినట్టు కనపడే లోపం) 100 గజాల దగ్గర లేకుండా పెట్టి ఉంటుంది, నువ్వు కాల్చే 10, 20 మీటర్లకి బొమ్మ కూడా తేటగా ఉండదు. .22 రిమ్‌ఫైర్ (చిన్న తూటా రైఫిల్) దొరికినప్పుడు పెట్టుకో, పాత స్కోపుకి దానికన్నా మెత్తటి చోటు లేదు.

నంబరుజత:

కొనేముందు నకిలీల గురించి కూడా రెండు మాటలు. పీయూ, జర్మన్ యుద్ధకాలపు స్కోపులు, నంబర్ 32, ఈ మూడిటికీ కొత్తగా చేసిన కాపీలు చాలా తిరుగుతున్నాయి. కాపీ అని చెప్పి అమ్మితే తప్పు లేదు, కాల్చుకోవడానికి అవీ పనికొస్తాయి. చెప్పకుండా అమ్మేవాళ్ళతోనే టెన్షన్.

చెక్కిన అక్షరాల అంచుల్ని భూతద్దంతో చూడండి. పాత పద్ధతిలో చెక్కితే గాడి అడుగున పనిముట్టు గీత, అందులో గట్టిపడ్డ పాత రంగు ఉంటాయి. లేజర్‌తో చేస్తే గాడి అడుగు కాలినట్టు గరుకుగా, అన్నిచోట్లా ఒకే లోతులో ఉంటుంది. ట్యూబు అరిగి, అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే అనుమానించాలి. జర్మన్ వాటి మీద తయారీదారు పేరు బదులు మూడు చిన్న అక్షరాల గుర్తు ఉంటుంది: బిఎల్‌సి అంటే యేనాలోని కార్ల్ జైస్, సిఎడి అంటే వియన్నాలోని కాలెస్, బిఎంజె అంటే వెట్స్‌లార్‌లోని హెన్సోల్ట్. గుర్తు ఒకరిది, ట్యూబు ఆకారం ఇంకొకరిది అయితే పక్కన పెట్టేయండి. పీయూలో లోపలికి చూడండి, నిలువు పోస్టు, రెండు అడ్డ పట్టీలు, డ్రమ్ము మీద 13 వరకు అంకెలు, అంటే 1300 మీటర్లు, డ్రమ్ము తిప్పితే రెటికిల్ కదలడం కనపడాలి. రెటికిల్ ఎప్పుడూ మధ్యలోనే నిలిచి ఉంటే అది అసలు పీయూ కాదు.

అద్దాలపెట్టె:

దీనికి ఇంకో జాగ్రత్త కలుపుతాను. చీకట్లో వెలగడానికి రేడియం పూసిన పాత సైట్లూ పరికరాలూ అప్పుడప్పుడూ కంటపడతాయి. వెలుగు పోయింది కదా అని రేడియం పోయినట్టు కాదు, దాని అర్ధాయుష్షు 1600 ఏళ్ళు, పోయింది పక్కనున్న వెలిగే పొడి మాత్రమే. అలాంటివి విప్పకండి, గోకకండి, ఆ పొడి ఊపిరిలోకి వెళ్ళడమే ప్రమాదం. బ్రిటిష్ ట్రైలక్స్ సైటు లాంటివాటిలో ఉన్నది ట్రిటియం, దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్ళు, 50 ఏళ్ళకి మిగిలేది 6 శాతం. అందులో సూది వెలగకపోతే అది లోపం కాదు, కాలం అయిపోయింది అంతే. దాన్ని కూడా విప్పకుండా వాడుకోండి.

దాచుకోవడం గురించి కూడా. తోలు సంచిలో పెట్టి దాచకండి, ఎంత అందంగా ఉన్నా సరే. తోలు తేమ పట్టుకుంటుంది, ఫంగస్‌కి ఇల్లు అదే. సంచి వేరే, స్కోపు వేరే. గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి, అప్పుడప్పుడూ తీసి వెలుతురు తగలనివ్వండి. రైఫిల్ మీద ఉండి నెలకోసారి బయటికొచ్చే స్కోపుకి ఫంగస్ పట్టడం నేను తక్కువే చూశాను, పెట్టెలో మర్చిపోయినవాటికే ఎక్కువ.

పాతగాజు:

అందరూ చెప్పినవి చేసి వచ్చాను. కె4ని అట్టపెట్టె గాట్లలో పెట్టి తిప్పితే క్రాస్ పెద్ద గుండ్రంగా తిరిగింది, రెండు డయల్స్‌తో తగ్గించుకుంటూ వస్తే చివరికి నిలబడింది. పక్క స్క్రూలున్న బేస్‌తో పక్క తేడా పోయింది, వెనక బేస్ కింద ఇత్తడి షిమ్ పడింది, లెక్క దాదాపు సరిపోయింది. ఇప్పుడు స్కోపులోంచి చూస్తుంటే క్రాస్ మధ్యలో నిలబడి ఉంది, చూడటానికే తృప్తిగా ఉంది.

రేంజ్‌లో రెండు విషయాలు గమనించాను. డయల్ తిప్పాక మొదటి గుండు పాత చోటే పడుతోంది, తర్వాతిది చెప్పిన చోటికి వెళ్తోంది. రెండోది, రైఫిల్ శాండ్‌బ్యాగుల మీద కదలకుండా ఉంచి తల మాత్రం పైకీ కిందికీ ఆడిస్తే క్రాస్ టార్గెట్ మీద అటూ ఇటూ పాకుతోంది.

ఉక్కుగొట్టం:

మొదటిదానికి పాత మందే ఉంది. కావాల్సిన గీత దాటి కాస్త ఎక్కువ తిప్పి, మళ్ళీ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి ఆ గీత మీదికి రా. తర్వాత స్క్రూడ్రైవర్ చెక్క పిడితో డయల్ పక్కన ట్యూబుని మెల్లగా రెండు మూడు సార్లు తట్టు. లోపల రెటికిల్ చట్రం రాపిడికి ఆగి ఉంటుంది, తట్టగానే స్ప్రింగ్ దాన్ని తన చోటికి నెడుతుంది. అప్పటిదాకా ఆ పని మొదటి గుండు రీకాయిల్ చేస్తోంది.

రెండోది పారలాక్స్. కె4లో ముందు అద్దం ఉన్న గంట మరలతో బిగించి ఉంటుంది, దాని వెనక ఒక తాళం రింగు. ఆ రింగు వదులు చేసి, నువ్వు ఎక్కువగా కాల్చే దూరంలో టార్గెట్ పెట్టి, గంటని కొంచెం కొంచెం తిప్పుతూ తల ఆడించి చూడు. క్రాస్ పాకడం ఆగిన చోట రింగు మళ్ళీ బిగించు. మొత్తం విప్పేయకు, లోపలి గాలి బయటికి పోయి తేమ లోపలికి వస్తుంది. వానలేని, పొడి గాలి ఉన్న రోజు చెయ్యి.

పాతగాజు:

తట్టడం అప్పటికప్పుడు పనిచేసింది, రెండో గుండు కోసం ఎదురుచూడాల్సిన పని లేకుండా పోయింది. గంట కూడా సర్దాను, మరల గట్టిగా ఉంది కానీ ఒక రబ్బరు గుడ్డతో పట్టుకుంటే కదిలింది, 100 మీటర్ల దగ్గర క్రాస్ ఇప్పుడు మేకు కొట్టినట్టు నిలబడింది. గ్రూపులు వెంటనే దగ్గరయ్యాయి.

యూరప్ స్కోపుకి 26.5 రింగులు కూడా దొరికాయి. పెట్టేముందు చీకటి గదిలో టార్చి పరీక్ష చేస్తే ముందు అద్దం అంచున కింది వైపు చిన్న ఇంద్రధనుస్సు మచ్చ కనిపించింది. వేలిగోరంత ఉంటుంది. బొమ్మలో మాత్రం ఏ తేడా తెలియడం లేదు. అద్దాలపెట్టె గారూ, దీన్ని ఇప్పుడే విప్పించాలా?

అద్దాలపెట్టె:

ఇప్పుడే వద్దండీ. అంచున ఉన్నంతవరకు దాని వల్ల నష్టం లేదు, విప్పడంలో ఉండే ప్రమాదమే ఎక్కువ. టార్చిని ఒకే కోణంలో పట్టుకుని ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకోండి, ఆరు నెలలకోసారి అదే కోణంలో ఇంకో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఈలోగా ఎండలో వదిలేసిన కారులో మాత్రం స్కోపు ఉంచకండి, బాల్సమ్ వేడికే మెత్తబడుతుంది. మచ్చ అద్దంలో మూడో వంతు దాటితే అప్పుడు గాజు విడదీసి అతికిద్దాం. అప్పటిదాకా .22 మీదో, తేలికపాటి తూటా రైఫిల్ మీదో పెట్టుకుని కాల్చండి, ఆ మూడు పోస్టుల రెటికిల్‌ని సాయంత్రం పూట ఒకసారి చూడండి.